అమెరికా ఫుట్‌బాలులో ఒక దశాబ్దపు మేటి ఆటగాండ్లు

ఫలానా పదేండ్లలో మేటి ఆటగాడెవరు అను ప్రశ్న కాఫీ హోటలులో పుట్టి కాఫీ హోటలులోనే ముగియదు. ఇంటికి వచ్చి భోజనముల వేళ వరకు సాగును. క్రికెట్టు విషయమున మన యిండ్లలో ఈ వాదము ఎట్లు జరుగునో, అమెరికాలో ఫుట్‌బాల్ విషయమున అట్లే జరుగును. అందును 1960 నుండి 1969 వరకు గల దశాబ్దమును గూర్చి నేటికిని వాదము తెగలేదు. ఆ వాదమునందు మేమును ఒక పక్షము వహింపదలచితిమి. అయితే అంతకు ముందు ఆట యెట్టిదో చెప్పవలెను. ఆట తీరు తెలియక వరుస కట్టుట, పంట చూడక ధర కట్టుట వంటిది.

ఇది మన మెరిగిన ఫుట్‌బాల్ కాదు. పేరున పాదమున్నదే గాని బంతి ప్రయాణము చాలవరకు చేతులలోనే. ఆ బంతియు గుండ్రము కాదు; రెండు కొనలు కూచిగా నుండు తోలుబంతి. ఆటస్థలము పొడవు 100 గజములు. ఒక్కొక్క పక్షమున 11 మంది. బంతి చేత నున్న జట్టునకు నాలుగు అవకాశము లిత్తురు. ఆ నాలుగింటిలోగా 10 గజములు ముందునకు సాగినచో మరల నాలుగు లభించును. సాగనిచో బంతి ఎదుటివారి పాలగును. ఇట్లు జరుగుచు, జరుగుచు ప్రత్యర్థుల చివరి గీతను దాటించినచో అది టచ్‌డౌన్. దానికి 6 పాయింట్లు. దూరము నుండియే బంతిని కంబముల నడుమగా తన్నినచో 3 పాయింట్లు.

ప్రతి అవకాశమునందును బంతిని మొదట అందుకొని, దానిని ఎవరి చేతి కీయవలెనో, ఎవరికి విసరవలెనో నిర్ణయించువాడు క్వార్టర్‌బాక్. దానిని చంకనిరికించుకొని గుంపులోనికి చొచ్చుకొని పోవువాడు రన్నింగ్ బాక్. దూరముగా పరుగెత్తి, విసరిన బంతి నందుకొనువారు మరికొందరు. వీరందరికిని ముందు, నేలకు వంగి, వరుసగా నిలుచు అయిదుగురు భారీకాయులు కలరు. సాధారణముగా వీరిలో నడిమివాడు బంతిని వెనుకకు అందించును; తక్కిన నలుగురు దానిని ముట్టనైన ముట్టరు. ఎదుటివారిని త్రోసి, అడ్డగించి, తమవానికి దారి చేయుటయే వీరి పని. ఆ దారి యేర్పడనిచో ఎంత మేటి పరుగరియు రెండడుగులు వేయలేడు.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. పరుగెత్తినవాడు ఎన్ని గజములు పోయెనో లెక్క కలదు. విసరినవాని విసురులకు లెక్క కలదు. అందుకొన్నవానికిని కలదు. దారి చేసినవానికి మాత్రము లెక్కయే లేదు. మన చెడుగుడులో కూత పెట్టి పోయి వచ్చినవాని పేరు ఊరంతయు చెప్పుకొందురు. వెనుక నుండి గొలుసు పట్టి నిలిచినవారిని ఎవరు తలంతురు? ఈ మరపులో మా వృత్తికిని భాగమున్నదని ఒప్పుకొనక తప్పదు. మైకు ముందు కూర్చుండి ఆటను వర్ణించునపుడు మా కన్ను బంతి వెంట పోవును, మా మాట కన్ను వెంట పోవును. బంతి లేని చోట జరిగిన పని శ్రోతల చెవిని చేరుట యరుదు. మరునాడు వార్తాపత్రికలును అంతే చేయును. పదేండ్ల తరువాత పట్టికలు వ్రాయువారు ఆ పత్రికలను చూచియే వ్రాయుదురు.

లెక్క యున్నవానితో మొదలు పెట్టుదము; ఏలయన అతని విషయమున వాదము తక్కువ. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టుకు ఆడిన జిమ్ బ్రౌన్ 1957లో వృత్తి ఆటలో ప్రవేశించి 1965తో విరమించెను. ఈ తొమ్మిదేండ్లలో ఎనిమిదేండ్లు పరుగున దేశములో ప్రథముడు అతడే. తప్పిన ఆ ఒక్క సంవత్సరము, 1962, గ్రీన్ బే జట్టులోని జిమ్ టేలర్‌కు దక్కినది. బ్రౌన్ మొత్తము 118 ఆటలలో 12,312 గజములు పరుగెత్తెను. ఆ రికార్డు 1984 వరకు నిలిచినది. అది పోయినను మరియొకటి నిలిచి యున్నది: జీవితకాలపు సగటున ఆటకు 100 గజములు మించినవాడు నేటికిని అతడొక్కడే.

మా దశాబ్దమునకు వచ్చునప్పటికి ఒక ఆక్షేపణ తలయెత్తును. పదేండ్లలో ఆరేండ్లు మాత్రమే ఆడినవానిని దశాబ్దపు మేటి యనుట న్యాయమా? మేము కూడి చూచితిమి. 1960 మొదలు 1965 వరకు బ్రౌన్ పరుగులు 8,514 గజములు. అదే దశాబ్దమున ఎనిమిదేండ్లు ఆడిన టేలర్ పరుగులు 7,898 గజములు. నాలుగేండ్లు ఇంటనుండియు బ్రౌన్ ముందే యున్నాడు. అదియు ఆటలు తక్కువగా నున్న కాలమున. 1960లో ఒక్కొక్క జట్టు ఏడాదికి 12 ఆటలే ఆడినది. 1961 నుండి 14. 2021 నుండి 17. కావున నేటి లెక్కలతో నాటి లెక్కలను ప్రక్కప్రక్కన నిలుపుట సరికాదు.

అతని ఆటలో మమ్ము మిక్కిలి ఆకర్షించునది వేగము గాని బలము గాని కాదు. ఎంతమంది మీద పడి నేలకూల్చినను బ్రౌన్ మెల్లగా, వృద్ధునివలె లేచి, అంత మెల్లగా తనవారి యొద్దకు నడచి పోవువాడు. ప్రతిసారియు అట్లే. అందువలన నిజముగా గాయపడిన నాడు ఎదుటివారికి ఆ సంగతి తెలియకపోయెడిది. ఆ తొమ్మిదేండ్లలో అతడు ఒక్క ఆటయైనను మానలేదు. 1966 వేసవిలో లండనునగరమున చలనచిత్రములో నటించుచుండగా చిత్రీకరణము ఆలస్యమయ్యెను. ఆటసాధనకు రానిచో జరిమానా విధింతునని జట్టు యజమాని ప్రకటించినాడు. బ్రౌన్ జరిమానా చెల్లింపలేదు, ఆటనే వదలివేసినాడు. అప్పటి కతనికి ముప్పదియేండ్లు. మైదానము వెలుపల అతని జీవితము రెండు విధముల సాగినది. 1967లో ముహమ్మద్ అలీ యుద్ధసేవను నిరాకరించినపుడు అండగా క్లీవ్‌లాండులో నల్లజాతి క్రీడాకారులను సమావేశపరచినవాడు అతడే. స్త్రీలపై చేయి చేసికొన్నాడను అభియోగము పలుమార్లు ఎదుర్కొన్నవాడును అతడే. ఆటలో మొదటి స్థానమిచ్చుట మనిషికి యోగ్యతాపత్రమిచ్చుట కాదు. మరియొక సంగతి: తన చేతిలో బంతి లేనపుడు ఇతరులకు దారి చేయుటయందు బ్రౌన్ శ్రద్ధ చూపలేదని ఆనాడే కొందరు విమర్శించిరి. విమర్శ నిజమే కావచ్చును. అయినను మొదటి స్థానము అతనిదే.

రెండవ స్థానము కొరకు సాధారణముగా ఇద్దరు క్వార్టర్‌బాకులు పోటీ పడుదురు. బాల్టిమోర్ కోల్ట్స్ జట్టు జానీ యునైటస్ ఒకడు, గ్రీన్ బే పాకర్స్ జట్టు బార్ట్ స్టార్ రెండవవాడు.

యునైటస్ కథ చదువరులకు ఉత్సాహకరముగా నుండును. 1955లో పిట్స్‌బర్గ్ జట్టు ఇతనిని చేర్చుకొని, ఆటలోనికి దింపకయే పంపివేసినది. ఆటకు ఆరు డాలర్ల చొప్పున చిన్న జట్టులో ఆడుకొనుచు ఒక ఏడాది గడపినాడు. మూడేండ్లు గడచునప్పటికి, 1958 డిసెంబరు 28న, న్యూయార్కు నగరమున జరిగిన జాతీయ పోటీలో బాల్టిమోరును 23-17తో గెలిపించినాడు. సమయము ముగియునప్పటికి సమానముగా నున్నందున అదనపు సమయము ఆడవలసి వచ్చిన ఆట అది. అమెరికా యంతటను టెలివిజన్‌లో చూచిన ఆ ఆటను న్యూయార్కువాసులు మాత్రము ఇంట చూడలేకపోయిరి. స్థానికముగా టికెట్ల అమ్మకము తగ్గునని అచ్చటి ప్రసారమును నిలిపివేసిరి. వారికి రేడియోయే శరణ్యమైనది. మా వృత్తివారలకు ఈ సంగతి కొంత గర్వకారణము. వరుసగా 47 ఆటలలో టచ్‌డౌన్ విసరు విసరిన యునైటస్ రికార్డు 2012 వరకు చెక్కుచెదరలేదు. ఆనాటి క్వార్టర్‌బాక్ నేటివలె శిక్షకుని ఆజ్ఞలను శిరస్త్రాణములోని రేడియోద్వారా వినువాడు కాదు. ఏ ఎత్తు వేయవలెనో తానే నిర్ణయించువాడు. ఆ నిర్ణయములో యునైటస్‌ను మించినవాడు లేడందురు.

స్టార్ పక్షమువారు గెలుపులు లెక్కింతురు. 1961, 1962, 1965, 1966, 1967 సంవత్సరములలో, అనగా ఏడేండ్లలో అయిదుమార్లు, గ్రీన్ బే విజేత. ఆ అయిదింటిలోను క్వార్టర్‌బాక్ స్టారే. మొదటి రెండు సూపర్ బౌల్ పోటీలలోను ఉత్తమ ఆటగాడతడే. నిర్ణాయక ఆటలలో అతని జట్టు పదింట తొమ్మిది గెలిచినది. సుమారు లక్షకు లోబడిన జనాభాగల ఒక చిన్న ఊరిజట్టు దేశము నేలిన కథ యిది. దీనిని కాదనుట కష్టము.

కాని ఇచ్చటనే మేము ఆగి ఆలోచించితిమి. ఆ అయిదు గెలుపులును స్టార్ చేతిలోనివేనా?

1967 డిసెంబరు 31. గ్రీన్ బే నగరమున డల్లాస్ కౌబాయ్స్ జట్టుతో ఆట. సున్నకు దిగువన 25 డిగ్రీల సెంటీగ్రేడు చలి. మైదానమును వెచ్చగా నుంచుటకు నేలలో అమర్చిన యంత్రము పనిచేయకపోయెను. నేల గడ్డకట్టి రాయివలె అయినది. లోహపు ఈలలు పెదవులకు అంటుకొని పోవుటచే న్యాయనిర్ణేతలు ఈల మాని నోటితో అరచి ఆట నడపిరి. ఆట ముగియుటకు 16 క్షణములున్నవనగా గ్రీన్ బే 14-17తో వెనుకబడి యున్నది. గీత ఒక్క గజములోపుననే యున్నది. అంతకు ముందు రెండుమార్లు బంతిని అందుకొన్న పరుగరి ఆ మంచుపై జారి నిలువలేకపోయెను. ఆటను ఆపించు అవకాశములన్నియు అయిపోయినవి. స్టార్ బంతి నెవరికిని ఈయక తానే తీసికొని, ముందు వరుసలో కుడివైపున నున్న జెర్రీ క్రేమర్ వెనుక నుండి దూరి గీత దాటినాడు. గ్రీన్ బే 21, డల్లాస్ 17.

ఆ సాయంకాలము టెలివిజన్‌వారు ఆ దృశ్యమును మరల మరల, నెమ్మదిగా కదలు చిత్రముగా చూపించిరి. అందులో బంతికంటె ముందు కన్పట్టునది క్రేమర్. నడిమివాడైన కెన్ బోమన్‌తో కలసి అతడు ఎదుటి భారీకాయుని త్రోసివేయుటయు, ఆ సందులో స్టార్ పడుటయు స్పష్టముగా కన్పట్టినవి. దారి చేసినవాని పని అమెరికా ప్రజలు కన్నులార చూచుట అపూర్వము. క్రేమర్ ఆ సంవత్సరపు అనుభవములను గ్రంథముగా ప్రకటించినాడు. 1968లో వెలువడిన ఆ పుస్తకము విశేషముగా అమ్ముడుపోయినది. 1969లో యాభైయేండ్ల ఉత్తమ జట్టును ఎన్నుకొన్నపుడు క్రేమర్‌ను అందులో చేర్చిరి. అయినను ఒహాయో రాష్ట్రమున కాంటన్ నగరమందున్న ఫుట్‌బాల్ కీర్తిమందిరమున చోటు దక్కుటకు అతడు 2018 వరకు వేచియుండవలసి వచ్చెను. కన్నులార చూచినవానికే ఇంత ఆలస్యమైనచో, చూడబడని వారి మాట యేమి?

అట్టివారిలో ప్రథముడు ఫారెస్ట్ గ్రెగ్. గ్రీన్ బే వరుసలో క్రేమర్‌కు ప్రక్కన నిలిచినవాడు. వరుసగా 188 ఆటలు ఆడినాడు. ఆ జట్టు శిక్షకుడైన విన్స్ లొంబార్డి క్రింద స్టార్, టేలర్, హార్నంగ్ వంటి ప్రసిద్ధు లనేకు లుండిరి. అయినను తాను తీర్చిదిద్దిన ఆటగాండ్లలో సర్వోత్తముడు గ్రెగ్ అని లొంబార్డి పలికినాడు. మెచ్చుకోలు మాటలకు ఆయన పొదుపరి. ఆటచిత్రములను ముందువెనుకలుగా త్రిప్పి చూచి, ప్రతివాని తప్పును ఎత్తిచూపెడివాడు. బంతి వెంట గాక పదకొండుగురి వెంటను కన్ను పోనిచ్చినవాడు ఎవరిని మేటి యనినాడో మేమును వానినే నమ్ముచున్నాము. మా పట్టికలో రెండవవాడు గ్రెగ్. దీనిని చదివి యునైటస్ అభిమానులు మాపై కోపింపవచ్చును.

ఎదుటి పక్షమునకు పోదము. క్వార్టర్‌బాక్ బంతిని విసరకముందే వానిని పట్టి కూల్చుటకు "శాక్" అని పేరు పెట్టి ప్రచారము చేసినవాడు లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టు ఆటగాడు డీకన్ జోన్స్. గోనెసంచిలో మూటకట్టి బాదుట అని అతని భావము. అసలు పేరు డేవిడ్. టెలిఫోను పుస్తకములో డేవిడ్ జోన్సులు కోకొల్లలు గనుక ఎవరికిని గుర్తుండదని క్రైస్తవ దేవాలయపు పెద్దలలో ఒకరికి చెల్లు "డీకన్" పదవిని తనకు తానే ఇచ్చుకొన్నాడు. 1961లో జట్టులు క్రొత్తవారిని ఎన్నుకొన్నపుడు ఇతని వంతు 14వ విడతకు గాని రాలేదు. తరువాత ఇతడును, మెర్లిన్ ఓల్సన్, రోజీ గ్రియర్, లామార్ లండీయును కలసి భయంకర చతుష్టయముగా పేరొందిరి. విచిత్రమేమనగా, శాక్ అను మాటను వ్యాప్తిలోనికి తెచ్చినవాని శాకులకు అధికారిక లెక్క లేదు. ఒక్కొక్క ఆటగానికి వాటిని లెక్కించుట 1982లో మొదలైనది; జోన్స్ 1974లోనే విరమించినాడు. ఆనాటి ఆటకాగితములను, చిత్రములను పరిశోధకులు ఏండ్ల తరబడి పరిశీలించి కూర్చిన లెక్కలు 2021లో వెలువడినవి. వాని ప్రకారము జోన్స్ శాకులు 173న్నర. ఆట చరిత్ర మొత్తములో మూడవ స్థానము. నలువదియేడేండ్ల తరువాత వచ్చిన జీతమువలె ఉన్నదిది. మా పట్టికలో అతనికి మూడవ స్థానము.

అయితే ఎదుటివాని శిరస్త్రాణముపై చరచి, వాడు కన్ను మూసిన క్షణమున ప్రక్కగా దూసుకొనిపోవుట జోన్స్ ప్రధానాస్త్రమని చెప్పక తప్పదు. 1977లో దానిని నిషేధించిరి.

నాలుగవవాడు యునైటస్, అతని వెనువెంట స్టార్. అయిదవ స్థానమునకు షికాగో బేర్స్ జట్టులోని ఇద్దరు తగుదురు. 1965లో ఆ జట్టువారు వరుసగా డిక్ బట్కస్‌ను, గేల్ సేయర్స్‌ను ఎన్నుకొనిరి. సేయర్స్ ఆ మొదటి యేడే 22 టచ్‌డౌన్‌లు చేసినాడు. అందులో ఆరు ఒక్క ఆటలోనివే. 1968లో మోకాలు దెబ్బతిన్నది. మొత్తము 68 ఆటలతో ముగిసినది. బట్కస్ రక్షణపక్షపు నడుమ నిలిచి, వచ్చినవానిని వచ్చినట్లు కూల్చినాడు. వీరిరువురు ఉన్నంతకాలము ఆ జట్టు నిర్ణాయక పోటీలకు ఒక్కసారియు పోలేదు. గెలుపులతో మనిషిని తూచువారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. దశాబ్దములో ఎక్కువకాలము నిలిచినందున బట్కస్‌ను అయిదవ స్థానమున ఉంచుచున్నాము.

ఇంతవరకు చెప్పినవారందరు పాత సంఘమువారే. 1960లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అను క్రొత్త సంఘము పోటీగా వెలసినది. రెండును 1970లో ఏకమైనవి. ఆ దశాబ్దపు ఉత్తమ జట్టుగా కీర్తిమందిరమువారు ప్రకటించిన పట్టికలో పాత సంఘమువారే కన్పట్టుదురు. సాన్ డియేగో జట్టుకు ఆడి, వరుసగా ఏడేండ్లు ఏడాదికి వేయి గజములు మించి బంతి నందుకొన్న లాన్స్ ఆల్‌వర్త్ పేరు అందులో లేదు. 1969 జనవరిలో జో నామత్ నాయకత్వమున న్యూయార్కు జెట్స్ బాల్టిమోరును 16-7తో ఓడించిన తరువాత గాని క్రొత్త సంఘపు ఆట ఆటయేనని పెద్దలు ఒప్పుకొనలేదు.

మరి ఆడనీయబడనివారి సంగతి యేమి? వాషింగ్టన్ జట్టు 1962 వరకు నల్లజాతి ఆటగానిని చేర్చుకొనలేదు. వారి క్రొత్త క్రీడాస్థలము కేంద్రప్రభుత్వపు భూమిలో నుండుటచే ఆంతరంగిక శాఖామంత్రి స్టూవర్ట్ యూడాల్ పట్టుపట్టినమీదట, జిమ్ బ్రౌన్ సహచరుడైన బాబీ మిచెల్‌ను తీసికొనిరి. మిచెల్ తరువాత కీర్తిమందిరమునకు ఎక్కినాడు. క్వార్టర్‌బాక్ స్థానము మరింత దుర్లభము. నల్లవారు పరుగెత్తగలరే గాని ఆలోచింపజాలరను దురభిప్రాయము ఆనాడు బలముగా నుండెను. 1968లో డెన్వర్ జట్టు మార్లిన్ బ్రిస్కోను ఆ స్థానమున ఆడించినది. అతడు ఆ యేడు 14 టచ్‌డౌన్‌లు విసరినాడు. మరుసటి యేడు ఆ స్థానము తిరిగి ఈయలేదు. మరొక జట్టులో బంతి నందుకొనువానిగా ఆడవలసి వచ్చినది. యునైటస్, స్టార్‌లలో మేటి యెవరని వాదించునపుడు ఆ వాదము తలుపు మూసిన గదిలో జరుగుచున్నదని మేము మరువలేము.

జాన్ మాకీ పేరు చెప్పి ముగింతుము. యునైటస్‌తో బాల్టిమోర్ జట్టులో ఆడినాడు. అతని స్థానము టైట్ ఎండ్. ముందు వరుస చివర నిలిచి, ఒకసారి అడ్డగించువాడు, మరియొకసారి బంతి నందుకొనువాడు. లెక్క యున్న పనియు లెక్క లేని పనియు రెండును చేయువాడు. ఆటగాండ్ల సంఘమునకు అధ్యక్షుడై, ఆటగాండ్లు ఒక జట్టు నుండి మరియొక జట్టునకు స్వేచ్ఛగా పోనీయని నిబంధనపై దావా వేసి 1976లో గెలిచినాడు. 1992లో కీర్తిమందిరమున చేరినాడు. వార్ధక్యమునకు ముందే మతిమరపు వ్యాధి సోకి, భార్యయు పోషింపజాలని స్థితి వచ్చెను. ఆమె ఆటసంస్థ అధ్యక్షునికి లేఖ వ్రాసినది. దాని ఫలితముగా, మతి చెడిన మాజీ ఆటగాండ్ల సంరక్షణ కొరకు 2007లో ఒక పథకము వెలసినది. మాకీ చొక్కాపై నుండిన అంకె 88. పథకమునకు ఆ అంకెయే పేరు. వైద్యాలయమున నుంచినచో మొదట ఏడాదికి 88,000 డాలర్ల వరకు సహాయ మిచ్చెడివారు. మాకీ 2011లో మరణించినాడు. గ్రెగ్ పార్కిన్‌సన్స్ వ్యాధితోను, సేయర్స్ మతిమరపుతోను చివరియేండ్లు గడపిరి. యునైటస్ కుడిచేయి వ్రేళ్లు తుదికి బంతిని పట్టుకొనలేకపోయినవి.